పసుపు తిరిగాక

రోజు 203

పద్నాలుగు గుడ్డలు నానబెట్టాను. పన్నెండే పనికొస్తాయి. రెండింటికి అంచులు చివికిపోయాయి, పట్టుకుంటే పీచులా ఊడి వస్తున్నాయి. చౌడుప్పు మూడున్నర సంచులు ఉంది. గట్టు అవతలి చౌటినేలను పుల్లమంచు కప్పేసి రెండేళ్ళయింది, కొత్త సంచి వచ్చే మాట ఇక లేదు. పొదుపుగా వాడితే నలభై రోజులు.

నా తర్వాత ఈ గదిలోకి ఎవరొస్తారో తెలియదు కాబట్టి పనంతా వివరంగా రాయమని జగన్నాథం గారి ఆజ్ఞ. ఆయన మా ఊరు మూతవలస సంఘానికి పెద్ద. సరే, రాస్తున్నాను. తొమ్మిది మడతలు కలిపి కుట్టిన గుడ్డ చౌడుప్పు నీళ్ళలో నానాలి. బయటికి నడిచేవాళ్ళు దాన్ని ముసుగులో పెట్టుకుని దాని గుండా గాలి పీలుస్తారు. మంచులోని ఆమ్లాన్ని గుడ్డలోని క్షారం మింగేస్తుంది. గుడ్డ అంచున, కంటికి కనిపించే చోట, పసుపు దారం కుట్టాలి. క్షారం తగిలిన పసుపు పారాణిలా ఎర్రబడుతుంది, పెళ్ళి చూసిన ప్రతివాళ్ళకూ తెలిసిన సంగతే. మంచులో నడిచేకొద్దీ ఆ ఎరుపు నారింజ అవుతుంది, ఆ తర్వాత మళ్ళీ పసుపు తిరుగుతుంది. పసుపు తిరిగితే చేతిలో ఎంత పని ఉన్నా వదిలేసి వెనక్కి రావాలి. నడక నియమం ఇదొక్కటే. మా అమ్మ ఈ గదిలో పనిచేసినప్పుడూ ఇదే, ఇప్పుడూ ఇదే. ఇది పాటించినవాళ్ళెవరికీ తిరుగు దారిలో గుడ్డ చాలకుండా పోలేదు.

ఇంకో సంగతి. ఎవరైనా మొదటిసారి బయటికి నడిచే రోజున ఒకే నీళ్ళలో రెండు గుడ్డలు నానబెడతాం. ఒకటి మనిషితో వెళ్తుంది. రెండోది ఆరబెట్టి రేకు డబ్బాలో పెట్టి ఇంట్లో దేవుడి దగ్గర ఉంచుతారు. దాన్ని జతగుడ్డ అంటారు. మనిషి బతికున్నంతకాలం దాన్ని తాకరు, పోయాక మనిషితో పాటే పంపేస్తారు. ఉప్పు దండగ అని జగన్నాథం గారు విసుక్కుంటారు కానీ ఈ ఒక్క విషయంలో ఆయన మాట ఎవరూ వినరు.

మా చెల్లెలు పైడమ్మ ఇవాళ ఊరు మొత్తాన్ని కప్పిన పైకప్పు గోకడానికి బయటికి వెళ్ళింది. నాకన్నా పద్నాలుగేళ్ళు చిన్న. అమ్మ పోయాక నేనే పెంచాను. ముసుగు ముడి నానబెట్టినవాళ్ళే వెయ్యాలి గనక ఎప్పటిలాగే నాకు వీపు తిప్పి నిలబడింది.

"అంత గట్టిగా లాగకక్కా, బుర్ర ఊడొచ్చీసీలా ఉంది."

"ఊడితే ఊడింది. అందులో ఏటున్నాది గనక?"

నవ్వుకుంటూ వెళ్ళింది. దారం నారింజలో ఉండగానే తిరిగొచ్చింది.

రోజు 209

సంఘం కూర్చుంది. ఉప్పునీటి నుంచి కాస్టిక్ సోడా తీసే యంత్రం బాగుపడిందట, రోజుకు రెండు బిందెల కాస్టిక్ ఇస్తుందట. ముసుగులకు అది వాడదామని జగన్నాథం గారు అన్నారు.

"సూరీడమ్మా, నువ్వు సదువుకున్నదానివి. సౌడుప్పు బలహీన క్షారం, అవునా కాదా?"

"అవునండి."

"కాస్టిక్ బలమైన క్షారం?"

"అవునండి."

"మరి బలమైంది సేతిలో ఉండగా బలహీనమైన దాన్ని పట్టుకుని ఏలాడ్డమెందుకు?"

చెంపలు కాలతాయేమో అన్నాను. లోపల పొడిగుడ్డ వేసుకుంటారులే అన్నారు. ముందు పరీక్ష చేసి చూపిస్తానని చెప్పి వచ్చాను. పరీక్ష లేకుండా ఈ గదిలోంచి ఏదీ బయటికి వెళ్ళదు, ఆ విషయంలో నాకు గర్వం ఉంది, దాచుకోను.

రోజు 212

పరీక్ష చేశాను. గాజుపెట్టెలో గుడ్డ బిగించి, బయటి మంచును తిత్తితో దాని గుండా తోశాను. తిత్తి వేగం మనిషి ఊపిరంత.

చౌడుప్పు గుడ్డ: ఇరవయ్యో నిమిషంలో ఎరుపు తగ్గింది. ముప్పైకి నారింజ. నలభైకి పసుపు తిరిగింది.

కాస్టిక్ గుడ్డ: యాభై నిమిషాల దాకా ఎరుపు చెక్కుచెదరలేదు. యాభై ఐదులో పసుపు తిరిగింది. మధ్యలో నారింజ అన్నది లేదు. ఇది నాకు నచ్చింది. చౌడుప్పు దారం నీళ్ళు నమిలినట్టు చెబుతుంది, కాస్టిక్ దారం ముఖం మీదే చెప్పేస్తుంది.

పదిహేను నిమిషాలు ఎక్కువ. దారం తిరిగాక ఇక చూడాల్సింది ఏమీ లేదు, తిత్తి ఆపేశాను. కాస్టిక్ వాడవచ్చని రాసి సంతకం పెట్టాను.

రోజు 216

కాస్టిక్ గుడ్డలతో నాలుగు నడకలు జరిగాయి. అన్నీ దగ్గరి పనులే, దారం ఎర్రగా ఉండగానే అందరూ తిరిగొచ్చారు. చెంపల విషయంలో మాత్రం నేను అన్నంత పనీ అయింది. పైడమ్మకు ఎడమ చెంప మీద రూపాయంత మేర చర్మం లేచిపోయింది. వెన్న రాశాను. పంటి బిగువున ఓర్చుకుంది కానీ కళ్ళలో నీళ్ళు ఆగలేదు.

గవరయ్య వచ్చి కాసేపు కూర్చున్నాడు. డెబ్బై ఏళ్ళుంటాయి. ఒకప్పుడు నడిచినవాడే, మంచులో ఒక కన్ను పోయాక మానేశాడు. ఇప్పుడు ఆయన కొడుకు, పేరు గురువులు, పైడమ్మకు జోడీగా నడుస్తాడు. పాత కబుర్లు మొదలుపెట్టాడు.

"ఓపాలి దారి తప్పీసినాను సూరీడమ్మా. పసుపు తిరిగిపోనాది. ఇంక సచ్చినాన్రా దేవుడా అనుకున్నాను. అలాగే నడిసినాను, నడిసినాను... ఎంతసేపో తెల్దు. గుమ్మం కాడికొచ్చినాక తెలిసింది బతికున్నానని. పైడితల్లమ్మ సల్లగా సూసింది."

"అమ్మవారు చల్లగా చూడలేదు, నీకు భయంలో టైము తెలియలేదు" అన్నాను. నవ్వి ఊరుకున్నాడు. ముసలాయన కబుర్లకేం, ఎన్నైనా చెబుతాడు.

రోజు 224

కుళాయి ధార వేలి లావు నుంచి దారమంత అయింది. మాకు నీళ్ళు వచ్చే ఊట బుగ్గ దగ్గర గొట్టం మూతికి ఏదో అడ్డుపడింది. తొట్టెల్లో నీళ్ళు లెక్కేస్తే మనిషికి రోజుకు రెండు చెంబుల చొప్పున పన్నెండు రోజులు. అరవై మూడు ఇళ్ళు.

బుగ్గ ఇక్కడికి ముప్పై ఐదు నిమిషాల నడక. నలభై గుంజలు, ఒకదాని నుంచి ఇంకోదానికి తాడు. చౌడుప్పు గుడ్డతో వెళ్తే అక్కడికి చేరాక పనికి ఐదే నిమిషాలు దొరికేవి. కాస్టిక్‌తో ఇరవై దొరుకుతాయి. ఇరవై నిమిషాల్లో గొట్టం మూతి విప్పి శుభ్రం చేయవచ్చని గురువులు అన్నాడు. ఇన్నాళ్ళూ ఈ కాస్టిక్ లేక ఎంత ఇబ్బంది పడ్డామో అని జగన్నాథం గారు నన్ను అందరి ముందూ మెచ్చుకున్నారు. పొంగిపోయాను. అదీ రాసేస్తున్నాను.

రోజు 231, ఉదయం

గొట్టం విప్పే పనిముట్లు తయారయ్యేసరికి వారం పట్టింది. ఇవాళ పైడమ్మ, గురువులు బుగ్గకు బయలుదేరారు.

చెల్లి చెంప ఇంకా మానలేదు. ఆ పచ్చి పుండు మీద మళ్ళీ కాస్టిక్ గుడ్డ బిగించడానికి నాకు చేతులు రాలేదు. ఇంటికి వెళ్ళి దేవుడి దగ్గరి డబ్బా తెరిచి దాని జతగుడ్డ తీశాను. తప్పే. కానీ ఆ గుడ్డ మెత్తగా ఉంది, చౌడుప్పు చర్మాన్ని అంతగా కొరకదు. తడిపి కాస్టిక్ గుడ్డకు లోపలివైపు కుట్టాను.

"ఇదేటక్కా, ఊపిరాడ్డం నేదు."

"నోర్మూసుకుని పీల్చు. చెంపకి మెత్తగా ఉంటాది."

గురువులు చెంపలు బాగానే ఉన్నాయి, గడ్డం అడ్డం గనక. అతనికి మామూలుగానే ముడి వేశాను. వెళ్ళేముందు "అక్కా, సాయంత్రానికి బిందెలు సిద్ధం సేసుకో" అన్నాడు.

రోజు 231, మధ్యాహ్నం

వాళ్ళు బయలుదేరి రెండు గంటలు దాటాక గుమ్మం గంట మోగింది. పైడమ్మ ఒక్కతే.

మోకాళ్ళ మీద పడి ఉంది. చేతితొడుగులు అరచేతుల దగ్గర చిరిగిపోయాయి. ముసుగు విప్పాక చెప్పింది. గొట్టం మూతి సగం విప్పారట. ఇద్దరి దారాలూ ఒకేసారి పసుపు తిరిగాయట. నియమం ప్రకారం పనిముట్లు అక్కడే వదిలేసి వెనక్కి తిరిగారట.

"మూడు గుంజలు దాటేం అక్కా. దగ్గడం మొదలెట్టినాడు. నాను నవ్వినాను, పరాసికం అనుకుని. కూలబడిపోనాడు, మరి నేగనేదు. ఈడ్సుకొచ్చినాను. ఏడు గుంజలు ఈడ్సినాను. ముప్పయ్యో గుంజ కాడ... ఒదిలీసినాను."

ముఖం తుడిచాను. చెంప మీద పుండు పొద్దున్న ఎలా ఉందో అలాగే ఉంది.

రోజు 232

సంఘం ఈ పుస్తకం అడిగింది, ఇచ్చాను.

జగన్నాథం గారు రెండు చోట్ల వేలు పెట్టి పైకి చదివారు. 216వ రోజు, గవరయ్య చెప్పింది. 231వ రోజు, నేను కుట్టింది. చదివి అద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"సూరీడమ్మా, ఇద్దరూ ఒకే దారిన ఎల్లేరు, ఒకే సేపు ఉన్నారు. ఒకరికి ఒక గుడ్డ, ఒకరికి రెండు. ఆ రెండో గుడ్డ సౌడుప్పుది. ఇది నీకు ముందే తెలిసి సేసినట్టు లేదేటమ్మా?"

చెంప కోసమే అన్నాను. మళ్ళీ అన్నాను. మూడోసారి అంటుంటే నా గొంతు నాకే దొంగగొంతులా వినిపించింది. నా పుస్తకంలో నా చేతిరాతే చదువుకుంటే నాకే అనుమానం వచ్చేలా ఉంది. ముసలాయన చెప్పాడు, నేను విన్నాను. ఆ తర్వాత నా చెల్లెలికి మాత్రం పాత గుడ్డ వేశాను. నేను వాళ్ళ స్థానంలో ఉంటే నమ్మేదాన్నా?

గవరయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అందరూ లేచాక నా దగ్గరికి వచ్చాడు. అరుస్తాడనుకున్నాను, చెయ్యి చేసుకుంటాడేమో అని కూడా అనుకున్నాను, చేసుకున్నా బాగుండేది.

"నా కొడుక్కీ జతగుడ్డ ఉన్నాది గదమ్మా ఇంట్లో. అడిగితే ఇచ్చీవోణ్ణి గదా."

అంతే అని వెళ్ళిపోయాడు. ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను.

రోజు 233

పైడమ్మ ఎందుకు బతికిందో నాకు తెలియాలి. రెండు గుడ్డలు గనక రెట్టింపు సేపు పనిచేసిందనుకుందాం. మరి దారం ఇద్దరికీ ఒకేసారి ఎందుకు తిరిగింది? తిరిగాక గంటకు పైగా చెల్లి ఏం పీల్చి బతికింది?

గాజుపెట్టె వెనక్కి ఒక గొట్టం పెట్టి, దాని చివర నా ముక్కు పెట్టాను. ఈసారి దారాన్ని నమ్మదలుచుకోలేదు.

మొదట చౌడుప్పు. నలభై ఒకటో నిమిషంలో పసుపు తిరిగింది. కదల్లేదు. యాభై. ముక్కుకు ఏమీ తగల్లేదు. అరవై. డెబ్బై. ఎనభైకి ఒక నిమిషం ముందు ముక్కులో సూదిలా గుచ్చింది. అప్పుడు ఆపాను.

తర్వాత కాస్టిక్. యాభై ఐదులో పసుపు తిరిగింది. యాభై ఏడుకు కళ్ళు మండాయి. యాభై ఎనిమిదికి ఊపిరి అందక బల్ల కింద పడ్డాను.

అమ్మ దాచుకున్న రసాయన పాఠాల పుస్తకం తీసి, వెయ్యిసార్లు చదివిన పేజీయే మళ్ళీ చదివాను. బలమైన క్షారం నీళ్ళలో పడగానే ఉన్నదంతా ఒక్కసారే బయటపెట్టేస్తుంది. బలహీన క్షారం కొంచెమే బయటపెడుతుంది, మిగతాది లోపల ఉంచుకుని ఆమ్లం వచ్చేకొద్దీ ఇస్తుంది. చౌడుప్పు రెండు విడతలుగా మింగుతుంది. మొదటి విడత అయ్యేసరికి అది ఇంకా బలహీనమైన క్షారంగా, వంటసోడాగా మారుతుంది. పసుపును ఎర్రగా ఉంచే బలం వంటసోడాకు చాలదు, ఆమ్లాన్ని పట్టుకునే బలం మాత్రం ఉంది. దారం చెప్పేది ఆ క్షణాన బయట ఎంత బలం ఉందో, అంతే. ఇంకా ఎంత మిగిలిందో దానికి తెలియదు.

మాకూ తెలియదు. ఎనభై నిమిషాల గుడ్డను తరతరాలుగా నలభై నిమిషాల గుడ్డ అనుకున్నాం. పసుపు తిరిగితే వెనక్కి రావాలన్న నియమం నిలబడింది కూడా అందుకే, తిరిగేసరికి సరిగ్గా సగం మిగిలి ఉండేది గనక. ఆ రెండో సగాన్ని ఎవరూ లెక్కపెట్టలేదు, ఆ నలభై నిమిషాలూ అందరూ ఇంటి దారిలో ఉండేవారు. గవరయ్యను కాపాడింది అదే. పైడమ్మ దారం బయటి కాస్టిక్ గుడ్డది గనక గురువులు దారంతో పాటే తిరిగింది, ఆ తర్వాత పైడమ్మను నిలిపింది లోపలి చౌడుప్పు గుడ్డ. కాస్టిక్‌కు రెండో సగం లేదు. గురువులు నియమం తప్పలేదు. నియమం పాటించినందుకే పోయాడు.

212వ రోజు నేను తిత్తి ఆపకుండా, ఇలా వెనక ముక్కు పెట్టి ఇంకో మూడు నిమిషాలు తోసి ఉంటే ఇదంతా ఆనాడే తెలిసేది. ఒప్పుకున్నది సంఘమే కానీ తిత్తి ఆపింది నేను.

రోజు 234

సంఘానికి పరీక్ష చూపించాను. జగన్నాథం గారిని గొట్టం దగ్గర కూర్చోబెట్టాను. కాస్టిక్ గుడ్డకు ఆయన యాభై ఏడో నిమిషంలో లేచి బయటికి పరుగెత్తారు.

నాకు ముందే తెలుసా తెలియదా అన్న మాట ఎవరూ మళ్ళీ ఎత్తలేదు. తెలియదని నమ్మారని కాదు. నీళ్ళు రెండు రోజులకే ఉన్నాయి, నన్ను తీసేస్తే గుడ్డ నానబెట్టేవాళ్ళు లేరు.

మిగిలిన చౌడుప్పు మంచు చెమ్మ తగిలి సగానికి సగం బలం పోయి గడ్డకట్టి ఉంది. గుడ్డలు చూస్తే అన్నీ కాస్టిక్ తిన్నవే, పీచులు వదులుతున్నాయి. గట్టి గుడ్డలంటే ఊళ్ళో జతగుడ్డలే. సంఘం ఇంటింటికీ కబురు పెట్టింది. పొద్దుగూకేలోపు నా బల్ల మీద యాభై ఎనిమిది రేకు డబ్బాలు చేరాయి. ఎవరూ డబ్బా నా చేతికివ్వలేదు, బల్ల మీద పెట్టి వెళ్ళారు.

రోజు 235

ఇద్దరు వెళ్ళాలి. పైడమ్మ తను వెళ్తానంది. గొట్టం ఎంతవరకు విప్పారో దానికే తెలుసు. రెండోవాళ్ళు ఎవరని జగన్నాథం గారు అడుగుతుండగానే గవరయ్య వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు.

"నాకు దారి తెలుసు. వొచ్చీటప్పుడు ఆణ్ణి తెచ్చుకుంటాను."

ఒంటికన్నుతో, ఈ వయసులో ఎలా అని ఎవరో గొణిగారు. ఆయన వినిపించుకోలేదు. జేబులోంచి రేకు డబ్బా తీసి నా ముందు పెట్టాడు. అది గురువులు జతగుడ్డ. కొడుకుతో పాటు పంపాల్సింది. నేను తడిపి ఆయన ముసుగులో పెట్టాను. పైడమ్మకు నా జతగుడ్డ పెట్టాను. పద్దెనిమిదేళ్ళప్పుడు ఒక్కసారి నడిచి, భయపడి తిరిగొచ్చి, ఈ గదిలో స్థిరపడినదాన్ని. ఇన్నాళ్ళకు అది పనికొచ్చింది. రెండేసి పెడితే గవరయ్యకు ఊపిరాడదు, ఆయనకు ఒకటైతే తనకూ ఒకటే చాలంది పైడమ్మ.

కొత్త లెక్క ఇద్దరికీ చెప్పాను. పసుపు తిరిగితే సగం మిగిలినట్టు, అక్కడి నుంచి నలభై నిమిషాలు ఉంటాయి, ఒక్కటీ ఎక్కువ ఉండదు. బుగ్గ దగ్గర ఐదు నిమిషాలే.

"ఐదు సాలు" అంది పైడమ్మ.

ముడి వేయడానికి దాని వెనక్కి వెళ్ళాను. వీపు తిప్పలేదు. ముసుగు చేతిలో పట్టుకుని నా వైపే చూస్తూ నిలబడింది.

"అక్కా, ఒక్కటడుగుతాను. నీకు తెలుసేటి?"

"తెలీదే. నీ మీదొట్టు, తెలీదు."

"తెలిసుంటే ఆడికీ కుట్టీదానివే గదా?"

"కుట్టేదాన్ని."

తల ఊపింది. నమ్మిందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. ముసుగు తిరగేసి, లోపలికి వేళ్ళు పెట్టి గుడ్డ అంచు పట్టుకుని ఎత్తి చూసింది. కింద ఇంకో గుడ్డ ఉందేమోనని. తర్వాత గవరయ్య ఒళ్ళోని ముసుగు తీసుకుని అదీ అలాగే ఎత్తి చూసింది. పదకొండేళ్ళుగా నా చేత్తో ముడి వేయించుకుంటోంది, ఇంతవరకు ఒక్కసారి కూడా లోపల చూసుకోలేదు.

రెండింట్లోనూ ఒక్కొక్కటే ఉంది. అప్పుడు నాకు వీపు తిప్పింది.

ముందు గవరయ్యకు, తర్వాత దానికి ముడి వేశాను. గట్టిగానే లాగాను. ఏమీ అనలేదు.